దిగని బరువుల రాజ్యం

మణికూట రాజ్యాన్ని ఏలే ఉద్దండసేన మహారాజుకు కండలంటే ప్రాణం, కూలివాళ్లంటే చులకన. ఆ రాజ్యపు దారుల వెంట పూర్వులు భుజమెత్తున రాతి బల్లలు నిలిపారు. తల మీద మూటలు మోసేవాళ్లు నడుం వంచకుండా బరువును వాటి మీదికి జరిపి, కాసేపు ఊపిరి తీసుకునేవారు. "ఇవి సోమరిపోతుల పీటలు" అని రాజు వాటిని పెళ్లగించి, ఆ రాళ్లతో తన విగ్రహానికి గద్దె కట్టించుకున్నాడు. గద్దె బాగానే కుదిరింది. విగ్రహం ముక్కే కాస్త వంకర.

దారులను కాచే యక్షిణికి ఒళ్లు మండింది. కోటవాకిట మిగిలిన ఒక్క బల్లను గుంజల మీంచి లేపి, అడవి అవతలి కొండకొమ్ముకు పట్టుకుపోతూ, "ఇక ఈ రాజ్యంలో ఎత్తిన బరువు దిగదు. నీ వంశంవాళ్లే ఈ బల్లను మోసుకొచ్చి నిలిపేదాకా ఇంతే" అని ఊరంతా వినపడేలా శపించింది.

ఆ సమయానికి రాజుగారు సభలో ఇనుపగదను తల పైకెత్తి, చప్పట్ల కోసం చూస్తున్నారు. గద అక్కడే నిలిచిపోయింది. ఊళ్లో మోతగాళ్ల తలలకు మూటలు అతుక్కుపోయాయి. చేతులు నీలం తిరుగుతున్న రాజు ఎన్నాళ్లో బతకడని వైద్యులు తేల్చారు.

రాజుకు ఒక్కతే కూతురు, కువలయ. నాలుక పదునైన పిల్ల. బల్లను తేవడానికి ఆమే బయల్దేరింది.

"వస్తాదులను వెంట తీసుకుపో తల్లీ."

"ఎందుకు నాన్నగారూ? వాళ్లు మీసాలు తప్ప ఇంకేం ఎత్తలేరు. ఒకరిని సాయమడిగే ఖర్మ నాకేం?" అంది కువలయ. కానీ గడప దాటేముందు తండ్రి కంట్లోకి కారుతున్న చెమటను కొంగుతో తుడిచి వెళ్లింది.

పొలిమేర దాటితే శాపం లేదు, అడవి ఉంది. అడవిదారికి అడ్డంగా మద్దిదుంగ, దాని పక్కన తేనె నాకుతూ ముసలి ఎలుగుబంటి.

"దుంగ పక్కకు జరిపి పో పిల్లా. తొక్కి దాటావో, దారి మాయమవుతుంది."

కువలయ దూరంగా నిలబడి, నడుం వంచి, దుంగ కొసను ఒక్క గుంజు గుంజింది. నడుం కలుక్కుమంది. ఎలుగు నాకడం ఆపలేదు.

"రాచబిడ్డవని వేరే చెప్పాలా. బట్టకు మట్టంటుతుందని బరువుకు ఆమడ దూరాన నిలబడేది మీరే. నా పిల్లకూనకు కూడా తెలుసు, బరువు పక్కన గొంతుక్కూర్చుని, ఒంటికి హత్తుకుని, కాళ్ల బలంతో లేవాలని. నడుమేమన్నా ఏతమా, వంచి లేపడానికి?"

కువలయ పళ్లు కొరికింది. అయినా మోకాళ్లు వంచి కూర్చుని, కొసను ఒంటికి దగ్గరగా పట్టి, వీపు నిటారుగా ఉంచి లేచింది. ఒక కొస జరిగింది. తర్వాత రెండోది.

"మా సభలోవాళ్ల కంటే నీకు మర్యాద తక్కువ, తెలివి ఎక్కువ," అంది.

"మీ సభ సంగతి పిట్టలు కూడా చెప్పుకుని నవ్వుతున్నాయి. పో."

కొండకొమ్మున భుజమెత్తు గట్టు మీద రాతి బల్ల ఉంది. దాన్ని కాచే శిలాముఖుడనే రాక్షసుడు పకపకా నవ్వాడు. "ఒంటిచేత్తో కొండలు మోసినవాణ్ణి నేను. ఈ పిడికెడు ప్రాణమా బల్ల మోసేది?"

"నువ్వు కొండల్ని మోశావో, అవే నీ మీద కాపురం పెట్టాయో. మెడ భుజాల్లోకి దిగిపోయింది, చూసుకున్నావా మామా?"

రాక్షసుడు మండిపడి ఏనుగంత గుండును ఎత్తాడు. పాదాలు కదపకుండా నడుం మాత్రం గిర్రున తిప్పి విసరబోయాడు. వెన్ను కటుక్కుమంది. గుండు లోయలోకి, రాక్షసుడు నేల మీదికి.

"బరువు ఎత్తుకుని నడుం మెలితిప్పేవాడికి ఇంత పెద్ద కోరలెందుకో," అంది కువలయ. కానీ వాడి మూలుగు విని ముందుకు పోలేకపోయింది. వావిలాకు వెచ్చచేసి వాడి వీపున పరిచింది.

నొప్పి తగ్గాక రాక్షసుడు గొంతు తగ్గించి చెప్పాడు. "పొలిమేరలో అడుగుపెట్టగానే ఆ బల్ల నీ తలకు అతుక్కుంటుంది. చెయ్యి వెయ్యమని నోరు తెరిచి అడిగితేనే దిగుతుంది. మీ వంశంలో అడిగేవాళ్లు పుట్టరని యక్షిణి ధీమా."

కువలయ పైటను తలచుట్ట చేసుకుని, ఒంగే పని లేకుండా గట్టు మీంచి బల్లను తల మీదికి జరుపుకుంది.

కోటవాకిట చేరేసరికి ఆమె మెడ వణుకుతోంది. అటూ ఇటూ తలల మీద బరువులతో జనం. వస్తాదులు గోడవారన నిలబడి మీసాలు దువ్వుతున్నారు. వాళ్లను తిట్టడానికి నూరు మాటలు ఆమె నాలుక చివరనే ఉన్నాయి. కావలసిన మాటే రావడం లేదు. ఇంతలో కోటలోంచి తండ్రి కేక వినిపించింది. మోచేతులు మడత పడుతున్నాయి, గద నెత్తి మీదికి వంగుతోంది.

"అమ్మా, కాస్త చెయ్యి వెయ్యండి," అంది కువలయ.

ఉప్పుగంపతో ఉన్న పోలమ్మ అనే ముసలిది ముందుకొచ్చింది. "ఈ మాత్రం మాటకు ఇంతసేపా అమ్మగారూ? ఉండండి, నలుగురం పట్టాలి. ఒరే, కాళ్ల కింద రాళ్లు తీయండి. నేను ఊఁ అన్నాకే, అందరూ ఒక్కసారే."

ఒక చేత్తో ఎవరి మూట వాళ్లు పట్టుకుని, రెండో చెయ్యి బల్ల కింద పెట్టారు. బల్ల మెల్లగా దిగి, పాత గుంజల మీద కుదురుకుంది. ఆ క్షణమే ఊరందరి బరువులూ సడలాయి.

సభలో గద దభాలున వెనక్కి పడింది. కానీ బిగుసుకుపోయిన రాజు చేతులు దిగలేదు. కువలయ వెంట లోపలికొచ్చిన పోలమ్మే వాటి కింద తన చేతులు పెట్టి, పసిబిడ్డను దించినట్టు దించింది. రాజు తలెత్తలేకపోయాడు. మర్నాడే సింహాసనం కూతురికి అప్పగించాడు.

కువలయ రాణి విగ్రహం గద్దె విప్పించి, దారి దారికీ బల్లలు నిలబెట్టింది. కోటవాకిటి బల్ల దగ్గర ముసలిరాజును కూర్చోబెట్టింది. దారిన పోయేవాళ్లు "అయ్యా, తట్ట పట్టు" అంటే ఆయన లేచి పట్టాలి. మొదట్లో గొణిగేవాడు. తర్వాత్తర్వాత, ఎవరూ రాని పూట దారికేసి చూస్తూ కూర్చునేవాడు.