నూటికి నూరు వచ్చిన ఉయ్యాల

పాపని పడుకోబెడితే గంట మోగుతోంది. ఎత్తుకుంటే ఆగుతోంది. మళ్ళీ పడుకోబెడితే మళ్ళీ మోగుతోంది. పొద్దున్న ఏడింటి నుంచీ ఇదే వరస.

"ఇంకొక్కసారి పడుకోబెట్టమ్మా," అంది డాక్టర్ హైమ, ఒళ్ళోని టాబ్లెట్ మీంచి చూపు తిప్పకుండా.

"ఇప్పటికి ఇరవై సార్లయింది మేడమ్," అంది లిఖిత. తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. పచ్చి బాలింత. ఏడుపు గొంతు దాకా వచ్చి ఉంది. పాపకి కాదు, తల్లికి.

హైమ పిల్లల డాక్టరు కాదు, సైంటిస్టు. ఆ ఉయ్యాలని కనిపెట్టిన మనిషి. తన కింద అరవై మంది ఇంజినీర్లున్నా ఎవర్నీ పంపకుండా తనే వచ్చింది. ఎందుకొచ్చిందో చెబుతాను గానీ, ముందు ఆ ఉయ్యాల సంగతి వినండి. అది తెలియకపోతే ఇందులో తప్పెవరిదో మీకు తేలదు. తెలిసినా నాకింకా తేలలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ కథ జరిగేనాటికి కాకినాడలో పక్క ఉయ్యాల లేకుండా పసిబిడ్డని ఆసుపత్రి గడప దాటనిచ్చేవారు కాదు. పేరుకి ఉయ్యాలే గానీ అది ఊగదు. తల్లి మంచానికి ఆనించి బిగించే బుల్లి మంచం. తల్లి వైపు అంచు కిందికి దిగుతుంది, చెయ్యి చాపితే బిడ్డ అందుతుంది. బిడ్డ పక్కనే ఉంటుంది, పెద్దవాళ్ళ దుప్పటి కింద మాత్రం నలగదు. ఎంచుకునేటప్పుడు ఏమేం చూడాలో ఆసుపత్రి నర్సు లిఖితకి ఒకటికి రెండుసార్లు చెప్పింది. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. లోపల దిండు గానీ బొంత గానీ ఆటబొమ్మ గానీ ఉండకూడదు. పక్కలకి గాలాడే వల ఉండాలి. మంచానికీ దానికీ మధ్య సందన్నది ఉండకూడదు.

"ఇవన్నీ ఉన్నవి బజార్లో పది రకాలు దొరుకుతాయమ్మా. మీ పాపకి మాత్రం ఇంకోటి కూడా కావాలి," అంది నర్సు.

ఎందుకంటే ఈ పాప ఎనిమిదో నెల నిండకుండానే పుట్టేసింది. నెల రోజులు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు ఒకటే మాట చెప్పారు: "అప్పుడప్పుడూ ఊపిరి తీయడం మర్చిపోతుంది. అరికాలు తట్టండి, గుర్తొస్తుంది. ఇంకొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి." మనిషన్నాక కన్ను మూతపడకుండా ఉంటుందా? అందుకని ఊపిరిని కనిపెట్టే ఉయ్యాలే కావాలని లిఖిత పట్టుబట్టింది. దాని పేరు 'తోడు'.

తోడు పరుపు కింద పల్చటి ప్లేటు ఒకటుంటుంది. బిడ్డ ఛాతీ లేచి దిగడం పరుపులోంచి దానికి తెలుస్తుంది. అయితే ఏ ఇంటి అదురు ఆ ఇంటిది. ఒకరింట్లో ఫ్యాను ఊగుతుంది, ఒకరి గోడ వెనక గ్రైండరు తిరుగుతుంది, ఒకరింటి పక్కనుంచి రైలు పోతుంది. ఇంత గోలలో బిడ్డ ఊపిరి ఏదో పోల్చుకోవడం అది నేర్చుకోవాలి. అందుకని బిడ్డ రాకముందే దాన్ని ఓ వారం ఆ గదిలో పెడతారు. ఆ వారమంతా అందులో కంపెనీవాళ్ళిచ్చిన రబ్బరు బొమ్మని పడుకోబెట్టాలి. ఆ బొమ్మ వెచ్చగా ఉంటుంది, నిజం పిల్లలాగే ఊపిరి తీస్తుంది. ఆ వారం ఎలా గడిచిందో అదే క్షేమం అని ఉయ్యాల నేర్చుకుంటుంది. తర్వాత దానికి తేడాగా ఏం జరిగినా గంట కొడుతుంది. ఆ వారంలోనైనా, తర్వాతైనా తేడాలు ఎంత తక్కువైతే అంత ఎక్కువ 'నెమ్మది మార్కులు' వేస్తుంది.

తెలివైన యంత్రమే, కాదనను. దానికి తెలియనిదల్లా వరహాలమ్మ గారు.

వరహాలమ్మ లిఖిత తల్లి. ఆ వారం లిఖిత ఆసుపత్రిలో ఉంది, అల్లుడు తాతాజీ క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు. ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే. పెట్టె విప్పి బొమ్మని చూసిందో లేదో, ఆవిడ ఒళ్ళు జలదరించింది. "ప్రాణం లేనిది ఊపిరి తీయడమేంటమ్మా! నా మనవరాలు అక్కడ గొట్టాల మధ్య ఊపిరికి కొట్టుకుంటుంటే, దాని పక్కలో ఇది హాయిగా పడుకుని ఊపిరి తీస్తుందా?" అని దాన్ని తీసుకెళ్ళి అటక మీద పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది.

మరి ఉయ్యాల ఖాళీగా ఉంచకూడదు కదా. సన్నికల్లు మీద పచ్చడి నూరే పొత్రం తీసింది. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మెత్తటి చీరముక్కలో చుట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టింది. నవ్వకండి. బారసాలనాడు బిడ్డకంటే ముందు పొత్రాన్ని ఉయ్యాల్లో వేసే ఆనవాయితీ వాళ్ళది. బిడ్డ అలా గట్టిగా, గుండ్రాయిలా ఉండాలని. ఆవిడ ఆ పని కాస్త ముందుగా చేసింది, అంతే. పొద్దున్నే ఎత్తి, పక్క దులిపి, మళ్ళీ పడుకోబెట్టి జోల కూడా పాడింది. పాడుతూ పాడుతూ ఏడ్చింది. వారం తర్వాత బొమ్మని తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాడు "ఏడు రోజులూ పెట్టారా అండీ?" అంటే "ఆఁ, పెట్టాం బాబూ" అనేసింది. చదువుకున్న కుర్రాడి ముందు నవ్వులపాలు కావడం దేనికని.

ఆ ఇంటికి నూటికి నూరు నెమ్మది మార్కులు వచ్చాయి.

అప్పటిదాకా ఊళ్ళో ఏ ఇల్లూ డెబ్భై దాటలేదు. హైమ ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. దాని వెనకాల ఏడు రోజుల గ్రాఫ్ ఉంది. అది తెరిచి చూడలేదు. అంకె చూసింది, అంతే. ఆ ఇంటిని ఆదర్శ గృహం అంది. ఢిల్లీలో మీటింగు పెట్టి చూపించింది. గంట ఎవరింటి లెక్కన వాళ్ళకి మోగినా, మార్కులు వేసేటప్పుడు మాత్రం ఊళ్ళో ఉన్న తొమ్మిది వందల తోడు ఉయ్యాలలూ తమ బిడ్డల్ని ఆ ఇంటితోనే పోల్చేలా మార్పించింది. దాంతో ప్రతి తల్లి ఫోనుకీ రోజూ ఓ మెసేజీ: 'మీ బిడ్డకి నలభై రెండు. ఆదర్శ గృహం: వంద.' టౌన్ హాల్లో వరహాలమ్మని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. పేపర్లో ఫొటో వేసి కింద 'నూటికి నూరు అమ్మమ్మ' అని రాశారు. ఆవిడకి అప్పుడే చెప్పాలనిపించింది. ఎలా చెబుతుంది? మైకు ఇచ్చారు గానీ నోరు రాలేదు.

మూడు రోజుల కింద పాప ఇంటికొచ్చింది. పడుకోబెట్టగానే మొదలైంది గంట. తల్లీ, తండ్రీ, అమ్మమ్మా వంతులు వేసుకుని మూడు రోజులూ ఒళ్ళోనే పెట్టుకున్నారు. ముగ్గురి కళ్ళూ చింతనిప్పులయ్యాయి. ఆదర్శ గృహంలో ఇదేం గోల అని హైమ పరుగెత్తుకొచ్చింది అందుకే.

"అమ్మగారూ, ఆ వారమంతా బొమ్మ ఉయ్యాల్లోనే ఉంది కదా?" అని అడిగింది హైమ.

"ఉందండీ," అంది వరహాలమ్మ, గోడకేసి చూస్తూ.

"అయితే ఇల్లు బాగుంది, యంత్రం బాగుంది. తేడా పాపలోనే ఉండాలి."

లిఖిత ఇక ఆపుకోలేకపోయింది. "ఊళ్ళో అందరి పిల్లలూ పడుకుంటున్నారు. నూటికి నూరు వచ్చిన ఇంట్లో నా పిల్లకే ఏమొచ్చింది మేడమ్? నా పాలల్లో ఏమైనా ఉందా? ఎనిమిది నెలలకే కనేశాను కదా, నాలోనే ఏదో లోపముందా?"

"అలా అనకమ్మా. ఇది చాలా మామూలు యంత్రం. ఆ వారం దాంట్లో ఏం పడుకుందో, అదే దానికి క్షేమంగా ఉన్న పిల్ల. అంతకుమించి దానికేమీ తెలియదు," అంది హైమ.

ఆ మాట వినగానే వరహాలమ్మ గోడ మీంచి చూపు తిప్పింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసింది. "డాక్టరమ్మగారూ... ఒకవేళ... ఆ వారం బొమ్మ కాకుండా వేరేదేదైనా ఉంటేనో?"

హైమ నవ్వింది. "వేరేది ఏముంటుందండీ? అలాగైతే నేను ఢిల్లీలో చెప్పిందంతా గంగలో కలిసినట్టే. మీరు కంగారుపడకండి. మిమ్మల్ని చూసే కదా ఊళ్ళో అమ్మమ్మలందరూ నేర్చుకుంటోంది!"

అంతే, మళ్ళీ నోరు మూతపడింది. తప్పు చేసిన సిగ్గు ఒకటి, ఆ తప్పుకి శాలువా కప్పించుకున్న సిగ్గు ఒకటి. మొదటిదైతే ఎలాగో కక్కేసేది. రెండోది గొంతుకి అడ్డం పడింది. కూతురు తన పాలని తిట్టుకుంటోంది, అయినా ఆవిడ నోరు మెదపలేదు. ఆవిడ మంచి మనిషని నేను చెబితే మీరు నమ్మరేమో, కానీ మంచి మనిషే.

"ఓ పది నిమిషాలు గంట మోగినా ఎత్తకుండా ఉంచి చూద్దాం. పాప ఊపిరిని ఉయ్యాల అదే నేర్చుకుంటుంది," అంది హైమ. లిఖిత పాపని పడుకోబెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. గంట మోగుతోంది. హైమ టాబ్లెట్ చూస్తోంది. వరహాలమ్మ గుమ్మం దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటోంది.

కాసేపటికి గంట ఆగిపోయింది.

"చూశారా!" అని హైమ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. టాబ్లెట్ మీద పచ్చటి అంకె. "వంద! మళ్ళీ వంద! లిఖితా, రామ్మా, నీ పిల్లకి నూటికి నూరు!"

లోపల్నుంచి "హమ్మయ్య" అని వినిపించింది.

"అయ్యో నా తల్లీ!" అని వరహాలమ్మ ఒక్క కేక పెట్టి ఉయ్యాల మీదికి ఉరికింది. కుర్చీ తగిలి హైమ పక్కకి ఒరిగింది. పాప పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. వరహాలమ్మ అరికాలు తట్టింది. లేదు. మళ్ళీ తట్టింది. లేదు. "తియ్యవే, ఊపిరి తియ్యవే, నీ కాళ్ళు మొక్కుతానే, నేను పాపిష్టిదాన్నే, నువ్వేం చేశావే," అంటూ మూడోసారి గట్టిగా తట్టి, వేలితో గీరింది. పాప ఒళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడింది. కీచుమని ఏడ్చింది.

గంట మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.

తడి మొహంతో పరుగెత్తుకొచ్చిన లిఖిత బిడ్డని లాక్కుని గుండెకి హత్తుకుంది. వరహాలమ్మ నేల మీద కూలబడింది. "పొత్రమండీ," అంది. "బొమ్మ కాదు. పొత్రాన్ని పడుకోబెట్టాను. దానికి మార్కులొచ్చాయి. నేను అబద్ధమాడాను."

"మూడు రోజులమ్మా!" అంది లిఖిత. "మూడు రోజులుగా నా పాలు మంచివి కావేమోనని ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

తాతాజీ ఆటో తెచ్చి తల్లీబిడ్డల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గండం గడిచింది, రెండు రోజులు ఇక్కడే ఉంచి చూస్తామని డాక్టర్లు చెప్పినట్టు అరగంటలో ఫోను వచ్చింది.

హైమ అప్పుడు తెరిచింది ఆ గ్రాఫ్‌ని. ఏడు రోజులు. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే గీత, ఎక్కడా మిట్టపల్లాలు లేవు. ఇంజినీరింగ్ చదివే పిల్లాడికి చూపించినా, ఇందులో ఊపిరేదండీ అని అడుగుతాడు. టాబ్లెట్‌ని తీసుకెళ్ళి వరహాలమ్మ ముందు నేల మీద పెట్టింది.

"మీరు ఒక్కసారి అబద్ధమాడారు," అంది. "నేను అదే అబద్ధాన్ని తొమ్మిది వందల ఇళ్ళకి రోజూ పంపిస్తున్నాను. ఇందాక మీరు చెప్పబోయారు కూడా. నేనే చెప్పనివ్వలేదు."

మర్నాడు పొద్దున తల్లులందర్నీ టౌన్ హాలుకి రమ్మంది. వరహాలమ్మనీ రమ్మంది.

"నేను తలెత్తుకోలేనండీ," అంది వరహాలమ్మ.

"నేను మాత్రం ఎత్తుకోగలనా? ఒక్కదాన్నే నిలబడలేను. రండి."

హాలు నిండిపోయింది. ఒళ్ళో పిల్లలతో తల్లులు, పక్కన అత్తగార్లు. హైమ దాచకుండా చెప్పేసింది. "రెండు వారాలుగా మీ బిడ్డల్ని మేం పోల్చింది ఒక బిడ్డతో కాదు. సన్నికల్లు పొత్రంతో. ఊపిరి తీసే ఏ బిడ్డకీ వంద రాదు. తక్కువ మార్కులొస్తే మీ బిడ్డలు బాగున్నట్టే. తప్పు ఈ అమ్మగారిది కొంత, మిగతాదంతా నాది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తిడతారని హైమ కాచుకుని ఉంది. చెప్పులు విసిరినా పడాలనే వచ్చింది. ఎవరూ తిట్టలేదు.

నాలుగో వరసలో పచ్చ చున్నీ వేసుకున్న అమ్మాయి లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. "మావాడికి ముప్పై ఎనిమిది వచ్చేదండీ," అంది. "ఇంట్లో రోజూ అడిగేవారు, పక్కింటి పాపకి అరవై వచ్చింది, మనవాడికేంటి అని. నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. పది రోజుల నుంచీ తొంభై ఒకటి వస్తోందండీ."

"ఎలా వచ్చిందమ్మా?" అని అడిగింది హైమ. అడుగుతుండగానే ఆవిడకి భయం వేసింది.

"పడుకోబెట్టేముందు దగ్గు మందు వేస్తున్నానండీ. కదలకుండా ఉంటాడని."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆ అమ్మాయికేసి వింతగా చూడలేదు కూడా. అందరూ ఎవరి ఒళ్ళోకి వాళ్ళు చూసుకున్నారు. ఊళ్ళో తొంభై దాటిన ఇళ్ళు ఆ వారం నూట పన్నెండు. ఆ అంకె చూసి తన ఉయ్యాల వల్ల కాకినాడ పిల్లలు నెమ్మదిస్తున్నారని హైమ మొన్ననే ఢిల్లీకి సంబరంగా రాసింది.

"ఇంకా ఎవరైనా...?" అంది. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

ఆవిడ స్టేజీ దిగి, ఓ బల్ల లాక్కుని కూర్చుని, పిల్లల డాక్టర్లకి ఫోను చేసి వెంటనే రమ్మంది. కాయితం తీసి ఆ అమ్మాయిని అడ్రస్ చెప్పమంది. ఆ అమ్మాయి వెనక ఇంకొకరు వచ్చి నిలబడ్డారు, వాళ్ళ వెనక మరొకరు. తలలు దించుకుని, బిడ్డల మొహాల మీద చెంగులు కప్పి, వరస హాలు మెట్ల దాకా వెళ్ళింది. వరహాలమ్మ ఆ బల్ల పక్కనే కూర్చుని, వచ్చిన ప్రతి తల్లి ఒళ్ళోని బిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసి చూసి, "ఆఖరిసారి ఎప్పుడు వేశావమ్మా మందు?" అని మెల్లగా అడిగింది.