చెవి మేస్త్రి కారుకి గాలిగొట్టం

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే రెండు కప్పుల కాఫీ కలిపింది ఆమె. ఒకటి వంటగట్టు మీదే ఉంచి, రెండోది పట్టుకుని పెరటి తలుపు తీసి షెడ్డులోకి వెళ్లింది. భర్త కారు బానెట్ కిందికి నడుము దాకా దూరి ఉన్నాడు. కప్పును పనిముట్ల పెట్టె మీద, అతని చేతికి అందే చోట పెట్టి ఒక్క నిమిషం నిలబడింది. ముప్పై రెండేళ్ల కాపురంలో తను పెట్టే ఆఖరి కాఫీ ఇదేనని అతనికి తెలుసు, గురువారమే చెప్పింది కదా. అయినా ఆ వీపుకి చీమ కుట్టినట్టయినా లేదు.

గురువారం సాయంత్రం సరిగ్గా ఇదే చోట నిలబడి చెప్పింది. "ఆదివారం పదింటికి అక్క వస్తుంది. నేను తనతో వెళ్లిపోతున్నాను. ఇక అక్కడే ఉంటాను. వద్దనేట్టయితే ఇప్పుడే అనండి."

ఒక్క "వద్దు" చాలు ఆమెకి. మూడు రోజుల ముందే చెప్పింది కూడా అందుకే. అతను ఇంజను గొట్టానికి క్లిప్పు బిగిస్తూనే ఉన్నాడు. బిగించడం అయ్యాక చేతులు తుడుచుకుని, వెనక్కి తిరిగి, ఆమెను చూసి చిన్నగా నవ్వాడు. అంతే. ఆ నవ్వు తర్వాత ఆమెకి అన్నం సయించలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అని అక్కకి ఫోన్‌లో చెప్పి ఏడ్చింది.

నిజానికి ఆమె గొంతు వినని మనిషి ఆ ఊళ్లో లేడు. ఇరవై తొమ్మిదేళ్లు బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. ఏ బండి ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం, ఎంత ఆలస్యం, అంతా ఆమె నోటి నుంచే రావాలి. అక్కడ ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలన్నది రూలు. మొదటిసారి చెప్పింది సామాన్లు మోసుకుంటూ పరిగెత్తుకొచ్చే వాళ్ల చెవిన పడదు, రెండోసారి వాళ్ల కోసం. లోకానికంతా రెండుసార్లు చెప్పిన మనిషి ఇంట్లో మాత్రం ఏదైనా ఒక్కసారే చెప్పేది. కట్టుకున్నవాడికి కూడా రెండుసార్లు చెప్పాలంటే ఇక మొగుడెందుకు, మైకు చాలు కదా అని ఆమె పంతం.

ఇక భర్త సంగతి. పెద్ద వర్క్‌షాపులో హెడ్ మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. కళ్లు తెరిచేసరికి జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు. అందరూ అతన్ని చెవి మేస్త్రి అనే పిలిచేవారు. అతను వింటున్నప్పుడు పక్కన ఎవరూ నోరు విప్పకూడదు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. మేస్త్రి ఇంజను మీద వంగి ఉంటే కూతురు కూడా మునివేళ్ల మీద నడిచేది. ఇప్పుడా పిల్ల ఉద్యోగం చేసుకుంటూ వేరే ఊళ్లో ఉంది. వారానికోసారి ఫోన్ చేస్తే, "మీ అమ్మతో మాట్లాడమ్మా" అని అతను ఫోన్ ఆమె చేతిలో పెట్టేస్తాడు.

కిందటేడు నాలుగు నెలల తేడాలో ఇద్దరూ రిటైరయ్యారు. ఇన్నాళ్లకి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చని ఆమె ఎంత ఆశపడిందో. అప్పుడే వచ్చింది ఈ స్పోర్ట్స్ కారు. ఎవరో బాగుచేయించుకోలేక వర్క్‌షాపులో వదిలేసిన బండి. రెండే సీట్లు. "మనిద్దరికీ సరిగ్గా సరిపోతుందోయ్" అని తెచ్చిన రోజు అన్నాడు. ఆ తర్వాత ఒక సీట్లో పాత టైర్లు చేరాయి, రెండో సీట్లో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

మూడు నెలలుగా అతనికి పట్టిన పిచ్చి ఒక్కటే. ఇంజను ఊపిరి పీల్చే గొట్టం. బండితో పాటు వచ్చింది పనికిరాదట, వేరేది పెట్టాలట. దానికోసం కంప్యూటరు ముందు కూర్చున్నాడు, కాగితాల మీద బొమ్మలు గీశాడు, టేపు పెట్టి కొలిచాడు. చివరికి రెండు రకాలు తెప్పించాడు. ఒకటి పొడుగు గొట్టం, చివర మూతున్న పెట్టె. బంపరు వెనక నుంచి చల్లగాలి తీసుకుంటుంది, గుట్టుగా పనిచేస్తుంది. రెండోది పొట్టి గొట్టం, కొసన కోను ఆకారంలో జల్లెడలాంటి ఫిల్టరు. మూతా గీతా లేదు. ఇంజను పక్కనే కూర్చుని గట్టిగా బుసకొడుతుంది. వారం రోజులుగా ఇది తీసి అది, అది తీసి ఇది బిగిస్తున్నాడు.

ఆ మూడు నెలల్లోనే ఆమె రొమ్ములో చిన్న గడ్డలాంటిది చేతికి తగిలింది. షెడ్డు గుమ్మంలో నిలబడి, భయంగా ఉంది, రేపు పరీక్షకి తోడు రండి అంది. వీపు జవాబివ్వలేదు. ఒక్కతే వెళ్లింది. వారం తర్వాత రిపోర్టు తెచ్చుకుని మళ్లీ అదే గుమ్మంలో నిలబడి, ఏం లేదన్నారండీ అంది. అప్పుడూ వీపే. ఆ రోజే ఆమె మనసు విరిగిపోయింది, పెట్టె సర్దుకోవడానికి మాత్రం ఇన్నాళ్లు పట్టింది.

తొమ్మిదిన్నరకి అక్క ఫోన్ చేసింది. బయలుదేరానంది. మరిదిగారు ఏమన్నా అన్నారా అని అడిగింది.

"ఉలుకూ పలుకూ లేదక్కా."

"పోనీ, ఇంకోసారి చెప్పి చూడవే. మగాళ్లకి మాట తలకెక్కడానికి టైం పడుతుంది."

"అడుక్కోమంటావా?" అని పెట్టేసింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. పెట్టె తెచ్చి పెరటివైపు వరండాలో పెట్టింది. ఇంటి తాళాలు ఇచ్చేసి రావాలని షెడ్డుకి నడిచింది.

కాఫీ తాగినట్టున్నాడు, కప్పు ఖాళీగా ఉంది. ఆమెను చూసి తల ఎత్తాడు. బట్టల వంక చూశాడు.

"ఎక్కడికైనా వెళ్తున్నావా?"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. గురువారం నుంచి తెలిసి కూడా ఎంత అమాయకంగా అడుగుతున్నాడో అనుకుంది. కోపంలో ఆమె మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ముఖం అటు తిప్పుకుని, గోడతో చెప్పినట్టు చెప్పింది. ఈ గొట్టం గురించి మూడు నెలలు ఆలోచించిన మనిషికి నా గురించి ఆలోచించడానికి మూడు నిమిషాలు లేవా అంది. ఇంజనుకి ఊపిరాడకపోతే నిద్రపట్టదు గాని, పక్కన మనిషికి ఊపిరాడకపోయినా పట్టదు అంది. ఆమె ఇటు తిరిగేసరికి అతను స్టార్టు చేయడానికి కారులోకి వంగుతున్నాడు.

ఇంజను లేచింది. బిగించి ఉన్నది పొట్టి గొట్టమే. యాక్సిలరేటరు కేబుల్ లాగేసరికి షెడ్డు రేకులు అదిరాయి. ఆమె రెండు చెవులూ మూసుకుంది. అతను మాత్రం పెదవి విరిచి, ఆమె వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"దీనికీ చప్పుడే లేదు" అన్నాడు.

ఆమె ఆ గొట్టం వంక చూసింది. ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించింది. వర్క్‌షాపులో కుర్రకారు ఇలాంటి మూతలేని ఫిల్టర్లు తెచ్చినప్పుడల్లా అతను తిట్టిన తిట్లు ఆమెకి కంఠతా వచ్చు. ఇంజను పక్కన వేడిగాలి తాగించి బండిని పరిగెత్తమనడం, జ్వరం వచ్చినవాణ్ని పరుగు పందెంలో పెట్టడంరా అనేవాడు. శబ్దం కోసం బండిని చంపుకుంటారా అనేవాడు. అలాంటి మనిషి మూడు నెలలు ఆలోచించి, చల్లగాలి గొట్టాన్ని మూల పడేసి, ఈ బుసకొట్టేదాన్ని పెట్టుకున్నాడు. పైగా చప్పుడు లేదంటున్నాడు.

ఇంతలో అతను పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. మొనను ఇంజను మీద ఆనించాడు. పిడిని చెవి దగ్గరికి తీసుకెళ్లలేదు. పళ్లతో కరిచి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమె తాళాల గుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిడి చెవికి చేరకపోవడం ముప్పై రెండేళ్లలో ఆమె చూడటం ఇదే మొదటిసారి.

అతను ఇంజను ఆపాడు. మళ్లీ బానెట్ కిందికి వంగాడు. షెడ్డు నిశ్శబ్దంగా అయింది. ఆమె అతని వెనక, రెండడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో అంది.

"ఏవండీ, కింద ఆయిలు కారుతోంది."

ఆయిలు చుక్క అంటే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి. కదల్లేదు. ఈసారి ఆమె బస్టాండు గొంతు తీసింది. జీవితంలో మొదటిసారి ఇంట్లో ఒక మాట రెండోసారి చెప్పింది.

"కింద ఆయిలు కారుతోంది!"

పక్కింటి టీచరుగారు గోడ మీంచి తల పెట్టి, "ఎక్కడమ్మా ఆయిలు?" అని అడిగారు. మేస్త్రి మాత్రం ఫిల్టరు మీద దుమ్ము ఊదుకుంటున్నాడు.

ఆమె వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఉలిక్కిపడి తిరిగాడు. ఆమె ముఖం చూశాడు. అతని చూపు ముందుగా ఎక్కడ వాలుతోందో ఆమె ఇప్పుడు గమనించింది. కళ్ల మీద కాదు, పెదవుల మీద.

"ఎప్పటినుంచండీ?" అని మెల్లగా, ఒక్కో అక్షరం విడిగా అడిగింది.

అతను బుకాయించబోయి, చేతకాక, పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఎడమ చెవి పోయి రెండేళ్లయిందట. కుడిది ఈ ఏడాది. దొంగచాటుగా ఒక డాక్టరుకి చూపించుకున్నాడట, మిషను పెట్టుకోమంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెవి మేస్త్రికి చెవుల్లేవంటే ఊరు నవ్వదూ?" అన్నాడు. చేతుల్లోకి చూసుకుంటూ చెప్పాడు. "ముందు పోయింది నీ గొంతే. సన్న గొంతులు ముందు పోతాయట. నువ్వే నాతో మాట్లాడ్డం మానేశావనుకున్నా కొన్నాళ్లు. తర్వాత తెలిసింది. ఇంజను మాత్రం ఇంకా కాస్త వినపడేది, చెవికి అందకపోయినా పిడి కరిచిపడితే పళ్లలోంచి. అదీ పోయేలోపు బాగా గట్టిగా అరిచే గొట్టం పెట్టుకుని ఒక్కసారి విందామని..."

ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నది తనొక్కతే అనుకుంది ఆమె. గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఎదుటివాళ్లే తలుపు మూశారనుకుని ఏడ్చుకున్నారన్నమాట. ఆమెకి ఏడుపు ఆగలేదు.

అప్పుడు అతని కళ్లు వరండాలోని పెట్టె మీద పడ్డాయి. అదేమిటని అడిగాడు. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని, గురువారం చెప్పిందంతా చెప్పింది. అతని ముఖం పాలిపోయింది.

"నేను నవ్వాను కదా నీ వైపు చూసి" అన్నాడు.

ఆమె తలూపింది.

"నువ్వు వచ్చి నిలబడ్డావని సంతోషమేసి నవ్వానే."

తర్వాత అతను భయపడుతూ అడిగాడు, ఇంకా ఏమేం చెప్పావు నా వీపుకి అని. ఆమె దాచలేదు. గడ్డ సంగతి, ఒక్కతే పరీక్షకి వెళ్లిన సంగతి, ఏం లేదన్న సంగతి చెప్పింది. చివరి మాట కంటే ముందే అతను ఆమె రెండు చేతులూ పట్టేసుకున్నాడు. గ్రీజు ఇస్త్రీ బట్టలకి అంటింది. ఆ మనిషి ఏడవడం ఆమె చూడటం అదే మొదలు.

వీధిలో హారన్ మోగింది. అతనికి వినపడలేదు, ఆమె లేవలేదు. రెండోసారి మోగింది. మూడోసారికి అక్కే లోపలికి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్లు తుడుచుకుని, భర్త ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, పాత ఉద్యోగం గొంతుతో అంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పది గంటలకు బయలుదేరవలసిన బండి రద్దు చేయడమైనది."

అతను ఆ పెదవులే చూస్తున్నాడు. ఆమె రూలు ప్రకారం రెండోసారి కూడా చెప్పింది. అక్క పెట్టె వంక, వీళ్ల వంక చూసి, "అయితే నాకు కాఫీ అయినా ఇస్తారా, అదీ రద్దేనా?" అని విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్లింది. రేపు చెవుల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నామని ఆమె అతనికి చెప్పింది, అడగలేదు.

"మరి గొట్టం?" అన్నాడు.

ఆమె మూలనున్న పొడుగు గొట్టం తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. బండికి ఏది మంచిదో అది పెట్టండి, వినే పని నాకొదిలెయ్యండి అంది. అరగంటలో బిగించాడు. ఇంజను స్టార్టు చేశాడు. ఈసారి రేకులు అదరలేదు. స్క్రూడ్రైవరు మొనను తనే సరైన చోట ఆనించి, పిడిని ఆమె చెవికి ఆనించాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. అతను పక్కనే వంగి, ఆమె నోటి వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటోంది?" అని అడిగాడు.

ఆమె కళ్లు తెరిచి, అతని వైపు తిరిగి చెప్పింది. రెండుసార్లు చెప్పింది.