చల్లగా ఉన్న కూలర్

కంప్యూటర్ ప్రాసెసర్‌ని దాని గూట్లో కూర్చోబెట్టాలి. దాని వేడి లాగేసే కూలర్ అడుగున రాగి పలకకి అంటించి ఉన్న ప్లాస్టిక్ పొరని ఒలిచెయ్యాలి. ప్రాసెసర్ మీద పేస్టు రాయాలి. దాని మీద కూలర్ పెట్టి మరలు బిగించాలి. ఫ్యాను వైరు తగిలించాలి. ఆ తర్వాతే స్విచ్చి వెయ్యాలి.

"ఇవన్నీ చేశానండీ. ఇదే వరసలో చేశాను," అంది ఆ అమ్మాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. "అయినా తప్పు నాదేనని నలుగురి ముందూ ఒప్పుకోవాలట. నేను ఒప్పుకోను."

టైలరు షాపు మీది గదిలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున, కాలిపోయిన గోడౌన్లలో తిరిగి నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చిన మనిషి. పక్క బల్ల దగ్గర ఆవిడ మరిది ఉన్నాడు. లారీ నడిపి నడిపి నడుము పట్టేశాక వదిన దగ్గర అసిస్టెంటుగా చేరాడు. వదినంత బుర్ర ఈ భూమ్మీద ఇంకొకరికి లేదని అతని నమ్మకం. ఆవిడ ముందు అంటే ఆటపట్టిస్తుందని పైకి అనడు.

అమ్మాయి షాపులకి పేర్ల బోర్డులు చేసే వర్క్‌షాపులో డిజైనరు. పాత కంప్యూటర్ పాడైతే, విడిభాగాలు తెప్పించి కొత్తది తానే బిగిస్తానంది. యజమాని సరేనన్నాడు. బిగించి స్విచ్చి వేస్తే కాసేపటికే ప్రాసెసర్ కాగిపోయి మిషను ఆగిపోతోంది. యజమాని బావమరిదికి కంప్యూటర్ల కొట్టుంది. రేపు అతను మిషను పట్టుకెళ్తాడు. అతని మనిషి వచ్చి డిజైను సీట్లో కూర్చుంటాడు. అమ్మాయి కౌంటరుకి వెళ్ళాలి.

"విప్పి చూసుకోకపోయావా తల్లీ?" అన్నాడు మరిది.

"ముట్టుకోవద్దన్నారు. రేపు ఆ బావమరిదొక్కడే విప్పితే ఆయన చెప్పిందే నిజమవుతుంది. అందరి ముందూ విప్పాలి. అందుకే మీ దగ్గరికొచ్చాను."

వదిన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

వర్క్‌షాపు పొడుగాటి హాలు. గోడలకి యాక్రిలిక్ అక్షరాలు, స్టీలు నేమ్‌ప్లేట్లు వరసగా ఆనించి ఉన్నాయి. ప్రతిదాని మీదా సన్నటి పారదర్శకమైన పొర. ఆఖరికి గోడ గడియారం అద్దం మీదా అదే. మధ్యలో ఫినిషింగు బల్ల దగ్గర ఒక పెద్దాయన నేమ్‌ప్లేటుకి పొర అంటించి, అంచు వెంబడి బ్లేడుతో కోస్తున్నాడు. ఒకప్పుడు బ్రష్షుతో అక్షరాలు రాసిన చెయ్యి అది. ఎవరొచ్చారో తలెత్తి చూడలేదు.

యజమాని మొహం చిట్లించాడు గానీ అడ్డు చెప్పలేదు. అక్కడే ఉన్న బావమరిది మాత్రం నవ్వాడు.

"మిక్సీ బిగించినట్టనుకుంది పిల్ల. దీనికి డిటెక్టివులు కూడానా?"

"ఇది బిగించిన రోజు మీరిక్కడే ఉన్నారా?" అంది వదిన.

"ఉన్నాను. ఈ కుర్చీలో ఫోను చూసుకుంటున్నాను."

"మిషను దగ్గరికి వెళ్ళారా?"

"నాకేం పని? అదే కాలుతుందని తెలుసుగా."

"అంత ముందే తెలిసిందంటే జాతకాలు కూడా చూస్తారన్నమాట."

వదిన మిషను వేయించింది. తెర మీద వేడి అంకె వందవైపు పరుగెత్తింది. ఫ్యాను బాగానే తిరుగుతోంది. ఆవిడ కూలర్ రేకుల మీద వేలు పెట్టి, "మరిదిగారూ, మీరూ ఒక చెయ్యి వెయ్యండి," అంది.

అతను భయంభయంగా వేలు ఆనించాడు. చల్లగా ఉంది.

"ఇదేంటి వదినా. ఇంజను ఉడికిపోతుంటే రేడియేటరు చల్లగా ఉన్నట్టుంది."

"అంటే?"

"కింది వేడి పైకి రావట్లేదు. మధ్యలో ఏదో అడ్డుంది."

వదిన మెచ్చుకోలుగా తలూపింది. మరిదికి ఆ పూటకి అది చాలు. ఇంతలో మిషను ఆగిపోయింది.

"పొర ఒలిచానన్నావు. ఏదది?" అని అడిగింది అమ్మాయిని.

అమ్మాయి చెత్తబుట్ట తిరగేసి వెతికి తీసింది. బిగించే ముందు తీసెయ్యమని ఎర్రక్షరాల్లో అచ్చేసిన పొర.

"ఇది ఒలిచాక, కూలర్ బిగించేలోపు లేచావా?"

"కౌంటరుకి ఎవరో వచ్చారని సార్ పిలిచారు. ఆఫీసు బల్ల ఇరుకని ఆ ఫినిషింగు బల్ల మీదే బిగిస్తున్నాను. కూలర్‌ని అక్కడే వెల్లకిలా పెట్టి వెళ్ళాను. వచ్చాక పేస్టు రాసి బిగించేశాను. ఒలిచిందే కదా అని అడుగు మళ్ళీ చూడలేదు."

వదిన ఇంకేం అడగలేదు. హ్యాండ్‌బ్యాగు లోంచి చేతి అద్దం తీసి, జుట్టు సర్దుకుని, దాన్ని ఆ ఫినిషింగు బల్ల మీదే వదిలేసింది. "పదండి, టీ తాగొద్దాం."

"వదినా, అద్దం మర్చిపోయావు."

"మర్చిపోలేదు. నోరు మూసుకుని నడువు."

టీ తాగి వచ్చాక అందర్నీ బల్ల చుట్టూ పిలిచింది. అద్దం ఉన్నచోటే ఉంది. ఆవిడ గోటితో ఒక మూల గీకింది. పల్చటి పొర పైకి లేచింది. మరిది నోరు తెరిచాడు.

"పెద్దాయనా, ఇది మీరు వేసిందేనా?"

"నేనేనమ్మా. అద్దం కదా, గీతలు పడతాయని."

"ఇప్పుడు విప్పమ్మా," అంది వదిన.

అమ్మాయి మరలు తీసి, కూలర్ ఎత్తి, పేస్టు తుడిచింది. రాగి పలక తళతళలాడింది. అంచున గోరు పెట్టి లాగితే పొర ఊడివచ్చింది. ఆమె దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది.

"చూశారా, ఒలవనేలేదు," అన్నాడు బావమరిది.

వదిన రెండు పొరల్నీ పక్కపక్కన పెట్టింది. "కూలర్‌తో వచ్చిన పొర మీద ఎర్రక్షరాలున్నాయి. దీనిమీద ఏమీ లేవు. ఆ అమ్మాయి ఒలిచింది కూలర్ పొర. ఈ పొర ఈ హాల్లోది. బావమరిదిగారి మీద నాకూ అనుమానం కలిగింది. కానీ పాడుచెయ్యాలనుకున్నవాడు ఫ్యాను వైరు పీకేసి పోతాడు గానీ, రాగి అంచు వెంబడి వెంట్రుకవాసి తేడా లేకుండా బ్లేడుతో కొయ్యడు. ఇది కాపాడాలని చూసిన చెయ్యి. ఈ బల్ల మీద మెరిసేది ఏదున్నా పొర లేకుండా బయటికి పోకూడదన్నది ఇక్కడి పద్ధతి. కూలర్ మెరిసింది, అంతే. ప్రాసెసర్ వేడి ఆ పొర దాటలేకపోయింది."

యజమాని అమ్మాయిని పక్కకి పిలిచాడు గానీ, మాట అందరికీ వినిపించింది. "సరేమ్మా. ఆయన మా నాన్న నాటి మనిషి. ఈ వయసులో ఆయనకి మాట రాకూడదు. ఒలవడం మర్చిపోయానని నువ్వే ఒక్క ముక్క అనెయ్యి. నీ సీటు నీకే ఉంటుంది."

పెద్ద గండం గడిచిందనుకున్నాడు మరిది. ఒక్క ముక్కే కదా.

"అననండి," అంది అమ్మాయి. "అక్షరం దిద్దడం నాకు నేర్పింది ఈ బాబాయే. అబద్ధం చాటున దాచాల్సినంత తప్పు ఆయన చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఈ సీటు నాకు పని వచ్చు కాబట్టి ఉండాలి. తలొంచాను కాబట్టి కాదు."

పెద్దాయన బ్లేడు బల్ల మీద పెట్టాడు. "నన్ను దాచమని ఎవరడిగారయ్యా? వేసింది నేనే. వెయ్యకూడదని నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఈ మాత్రానికి పిల్ల మీద పడతారేం?"

అమ్మాయి కొత్తగా పేస్టు రాసి, కూలర్ బిగించి, స్విచ్చి వేసింది. ఈసారి అంకె నలభై దగ్గర నిలబడిపోయింది. కూలర్ రేకులు గోరువెచ్చబడ్డాయి. బావమరిదికి బయట ఏదో పని గుర్తొచ్చింది.

"సరే, రేపట్నుంచి నీ పని నువ్వు చూసుకో," అన్నాడు యజమాని.

అమ్మాయి కుర్చీ లాక్కుని అప్పుడే కూర్చుంది. "నలుగురి ముందూ ఒప్పుకోమన్నారు కదండీ. ఆ నలుగురూ ఇక్కడే ఉన్నారు. నా తప్పు లేదని మీరు చెప్పండి."

యజమాని గొంతు సవరించుకుని, నేల చూస్తూ ఏదో అన్నాడు.

"వినపడలేదు," అన్నాడు పెద్దాయన.

ఈసారి అందరికీ వినపడేలా చెప్పాడు.

వదిన తెలివిని గుర్తుపెట్టుకోమని మిమ్మల్ని ప్రత్యేకంగా అడగక్కర్లేదు. మరిది కనిపించిన ప్రతివాడికీ చెబుతూనే ఉంటాడు. మీరు ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి. ఒక్క ముక్కతో అంతా సర్దుకుంటుందని తెలిసి కూడా, ఆ ముక్క అననని నిలబడింది ఆమే.