లాండ్రీలో ఆడగొంతు

ఆ వీధి చివర మూతపడ్డ లాండ్రీ ముందు నుంచి రాత్రిపూట ఎవరూ నడవరు. పగలంతా మీసాలు మెలేసే మగాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి అవతలి పక్కకి దాటేస్తారు.

లోపల ఆడదెయ్యం ఉందట. దెయ్యమంటే ఆడదే అయి తీరాలని ఎవరు తేల్చారో మరి. ఓనరు మొదటి భార్య అక్కడే ఉరేసుకుందన్నారు. ఆ ఓనరుకి అసలు పెళ్లే కాలేదు. అయినా జనం ఆయనకి పెళ్లి చేసి, పెళ్లాన్ని చంపి, దెయ్యాన్ని చేసి గానీ ఊరుకోలేదు.

షట్టరు వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుందట... "లేవండి... ఎవరూ లేరు... అంతా అయిపోయింది..."

దెయ్యమే గానీ, మర్యాద తెలిసిన దెయ్యం.

విన్నది విన్నట్టే చెబుతున్నాను. ఆ వీధిలో ఒక టైలరమ్మ ఉంది. పక్క వాటాలో ఆమె తమ్ముడు, మరదలు. తమ్ముడు సైన్యంలో చేసి, యుద్ధం చూసి వచ్చినవాడు. అతను పతకం అందుకుంటున్న ఫొటో అతనింట్లో లేదు, అక్క కొట్లో వేలాడుతోంది.

మరదలు ఒకప్పుడు ఆ లాండ్రీలోనే ఇస్త్రీ చేసేది. ఆమె ఏం చేసినా టైలరమ్మకి తప్పే. మండుటెండల్లో మెడ దాకా కాలరున్న జాకెట్లు కుట్టమని అడిగితే, "ఏమే, మావాడికి మెడ కూడా చూపించవా?" అని బేరాల ముందే నవ్వింది.

ఒకరోజు తమ్ముడితో పనిచేసిన స్నేహితుడు వచ్చాడు. తనకీ నిద్ర ఉండేది కాదనీ, ఆస్పత్రిలో మానసిక డాక్టరు దగ్గరికి వెళుతున్నాననీ, మోకాలి నొప్పికి వెళ్లినట్టే అదీననీ, ఇతన్నీ తీసుకెళతాననీ చెప్పాడు. టైలరమ్మ టీ ఇచ్చి గుమ్మం చూపించింది. మావాడు సిపాయి, పిచ్చివాడు కాడంది. ఈ మాట బయటికి పొక్కితే వీధిలో తలెత్తుకోలేనని మరదలి చేత ఒట్టు కూడా వేయించుకుంది. తమ్ముడు పక్కనే నిలబడి అన్నీ విన్నాడు. 

తర్వాత కొన్నాళ్లకి, ఒక రాత్రి... మరదలు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగడం టైలరమ్మ కిటికీలోంచి చూసింది.

ఇంకేముంది, ఎవడో ఉన్నాడు. పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలనుకుంది. పోయేది మరదలి పరువైతే నలుగురికీ తెలిసినా ఆమెకి అభ్యంతరం లేదు.

వెనకాలే నడిచింది. మరదలు లాండ్రీ పక్క సందులోకి తిరిగి... కనపడలేదు.

టైలరమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"లేవండి... ఎవరూ లేరు..."

అదే గొంతు.  వెనక్కి తిరిగేదే— కానీ భయం కంటే అనుమానం గట్టిది. వెనక తలుపు ఓరగా ఉంది. తోసింది.

గంజి వాసన. చీకటి, తలుపు సందులోంచి సన్నటి వీధి వెలుగు. మొహానికి చల్లగా, తెల్లగా ఏదో తగిలింది— కేక గొంతులోనే నొక్కుకుంది. ఎవరూ తీసుకెళ్లని దుప్పటి.

దాని అవతల ఒక ఆడమనిషి నీడ. చేతిలో పొడుగాటి కర్ర. ఇస్త్రీ బల్ల కింద పడున్న మగమనిషి కాలిని ఆ కర్రతో మెల్లగా తడుతోంది.

"దొరికావే" అంటూ టైలరమ్మ వంగి ఆ మగమనిషి భుజం పట్టుకుంది.

"వదినా, ముట్టుకోకండి—"

రెండు చేతులు ఆమె మెడని బిగించాయి. ఊపిరి ఆగింది. కళ్ల ముందు చీకటి ఇంకా చిక్కబడింది.

"మీ అక్కండీ... మీ అక్క... ఎవరూ లేరు..."

చేతులు సడలాయి.

"అక్కా...? నువ్వా?"

మరదలు గుసగుసగానే చెప్పింది. నిద్రలో ఎవరు తగిలినా శత్రువే అనుకుంటాడట. తన చేతుల్లో పెళ్లాం ఎక్కడ చచ్చిపోతుందోనని ఆమె దగ్గర ఉండిపోయిన లాండ్రీ తాళంచెవి తీసుకుని ఇక్కడికొచ్చి పడుకుంటున్నాడట. కలలో కేకలు పెట్టకముందే తను వచ్చి, దూరం నుంచి లేపుకుంటోందట. కాలరు దించి చూపించలేదు. ఆ అవసరం లేదు. టైలరమ్మ తన మెడనే తడుముకుంటోంది.

"దెయ్యాన్ని నేనే పుట్టించాను వదినా. కేకలు వినపడితే జనానికేం చెప్పను? మీరు ఒట్టు వేయించుకున్నారు కదా. దెయ్యమైతే మీ పరువుకేం కాదు."

తమ్ముడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అక్కా... నువ్వు వద్దన్నావు గానీ... ఆ డాక్టరు దగ్గరికి వెళ్లనా?"

యుద్ధం చూసి పతకం తెచ్చుకున్న మనిషి, వైద్యానికి అక్క అనుమతి అడుగుతున్నాడు. ఆమె తలూపింది. వెలుగు పడని పక్కనుండి చీకట్లో తలూపితే ఎవరికి కనపడుతుంది?

"సర్లే" అన్నాడతను.

ఆ మాట ఆమెని గుచ్చింది. నలిగిన గొంతుతోనే, "వెళ్దాంరా... నేనూ వస్తాను" అంది.

పొద్దున కొట్టుకి వచ్చినవాళ్లు, రాత్రి లాండ్రీలో గోల ఎక్కువైందనీ, దెయ్యం ఎవరి పీకో పట్టుకుందనీ చెప్పుకుంటున్నారు. టైలరమ్మ మిషను ఆపింది.

"దెయ్యం కాదు, మా తమ్ముడు. వాణ్ణి అక్కడికి తోలింది నేను. ఇప్పుడు ఆస్పత్రికి తీసుకెళుతున్నాను. మీ బట్టలు రేపు తీసుకోండి."