పసుపు అద్దాలు

పొద్దున్నే కంచం ముందు కూర్చున్నాడన్న మాటే గానీ ఆయనకు ముద్ద దిగడం లేదు. ఇరవై ఆరేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్‌లో రంగులు సరిచూసే మనిషి. తెలుపులో రవ్వంత తేడా ఉన్నా ఇట్టే పట్టేసేవాడు. అలాంటివాడు ఈ నెలలో మూడుసార్లు తప్పాడు. మందుల పెట్టెల మీద తెల్లగా ఉండాల్సిన చోటు నీలంగా అచ్చయింది. ఇంకొక్కసారి జరిగితే ఆ కుర్చీలో ఉండవని మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు.

కారణం ఆయనకు తెలుసు. అది ముక్కు మీదే కూర్చుని ఉంది. కళ్లద్దాల దుకాణంలో పనికి చేరిన కూతురు, స్క్రీన్ల నీలికాంతిని ఆపుతాయని తెచ్చిన అద్దాలు. వాటిలోంచి తెల్ల కాగితం పసుపుగా కనిపిస్తుంది. ఆ పసుపు పోగొట్టాలని ఈయన నీలం పెంచేస్తాడు. తీసేద్దామంటే, తీస్తే చూపు పోతుందంది పిల్ల. పెట్టుకుంటే ఉద్యోగం పోతుంది, తీస్తే కళ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎవరితో చెప్పుకుంటాడు పాపం.

"తినకుండా ఆ కెలకడం ఏంటండీ?" అంది భార్య. "నిన్న మీ మేనేజర్ ఫోన్ చేశాడు. కళ్లు చూపించుకోమన్నాడు."

చెప్పులు వేసుకుంటున్న కూతురు ఆగింది. "ఆఫీసులో అద్దాలు తీసేస్తున్నావు కదూ నాన్నా?"

"తియ్యట్లేదే తల్లీ. తియ్యకపోబట్టే ఇదంతా." కంచం పక్కకు నెట్టాడు. "వీటితో నాకు రంగు తెలీట్లేదు. ఇంకొక్కసారి తప్పితే గోడౌన్‌లో పెట్టెలు మొయ్యమంటారు. పోనీ తీద్దామంటే గుడ్డివాణ్ణవుతానన్నావు. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

పిల్ల గుమ్మంలోనే చతికిలబడింది.

"గుడ్డివాళ్లేం అవరు నాన్నా," అంది నేల చూపులు చూస్తూ. "అది అమ్మకాల కోసం మాకు నేర్పిన మాట. స్క్రీన్ వెలుతురుకి చూపు పోతుందనడానికి రుజువేం లేదని మా షాపు డాక్టరమ్మ చెప్పింది. రెప్ప వెయ్యకుండా చూస్తామట, అందుకే కళ్లు మండుతాయట. మధ్యమధ్యలో దూరంగా చూడమంది."

"ఎప్పుడు చెప్పిందే?" అడిగింది తల్లి.

"పదిహేను రోజులైంది. ఈ ఇంట్లో నాకూ ఏదో తెలుసని నమ్మింది నాన్నొక్కడే. నిజం చెబితే ఆ నమ్మకం పోతుందని భయమేసిందమ్మా."

ఆయనకు ఒళ్లు మండిపోయింది. అద్దాలు లాగి బల్ల మీద పడేసి, నాలుగు తిడదామని కూతురి వైపు తిరిగాడు. రక్తం లేనట్టు పాలిపోయిన ముఖం. ఇన్నాళ్లూ ఆ పసుపులోంచి చూసి పిల్ల నిగనిగలాడుతోందనుకున్నాడు. తనలాగే అదీ లోలోపల నలిగిపోయిందన్నమాట. లేచి పిల్ల దగ్గరికి వెళ్లాడు.

"లే తల్లీ. ప్రెస్ దాకా నాతో రా," అన్నాడు. "ఈ అద్దాల సంగతీ, డాక్టరమ్మ చెప్పిందీ మేనేజర్‌కి చెబుదువుగాని. నాకు చేతకాదు. నువ్వయితే అర్థమయ్యేలా చెబుతావు."

పిల్ల రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.