సుఖవిరేచనం వార్డులో నల్లమరక

"రక్తమేనంటారా సార్?"

యువ డాక్టరమ్మ ఆ మాట అనగానే డిటెక్టివ్ కంటే ముందు పిన్నిగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆరేళ్ళుగా ఆయన దగ్గర సహాయకురాలు ఆవిడ. ఇద్దరు పిల్లల తల్లి. పిల్లవాడు తుమ్మితే న్యుమోనియా దాకా ఊహించుకునే మనిషి.

సంగతి ఇది. మొండి మలబద్ధకానికి డాక్టరమ్మ ఒక కొత్త మాత్రను పరీక్షిస్తోంది. నలుగురిని వార్డులో ఉంచుకుని మాత్ర ఇస్తోంది. వరసగా మూడు రోజులు సుఖంగా విరేచనమైతే ఇక ఇంటికి పంపేస్తుంది. అలా వెళ్ళబోతున్న ముగ్గురికి వారం కిందట ఉన్నట్టుండి మళ్ళీ బిగుసుకుపోయింది. అయిన కాస్తా తారులా నల్లగా ఉంది.

"కడుపులో రక్తం కారితే అలాగే ఉంటుంది. రిపోర్టు రేపు గాని రాదు. ఇవాళ పన్నెండింటికల్లా ఆసుపత్రి కమిటీవాళ్ళు పరిశోధన ఆపేస్తామన్నారు. నాలుగేళ్ళ కష్టం సార్!"

"బయటి మందులేమైనా మింగారా?"

"లేదని ఒట్టేశారు. పడకలు, పెట్టెలు అన్నీ వెతికించాను."

వార్డుకు వెళ్ళేసరికి నలుగురూ క్యారమ్స్ ఆడుతున్నారు. ఒకాయన రిటైరైన పోస్ట్‌మాన్, ఒకాయన లెక్కల మాస్టారు, ఒకాయన లారీ డ్రైవరు. నాలుగోవాడు టైలరు. నల్ల విరేచనం కానిది అతనొక్కడికే. నాలుగు రోజులుగా అసలు కాలేదని రోజూ నింపాల్సిన తన కాగితంలో రాసుకున్నాడు. అయినా బాసింపట్టు వేసుక్కూర్చుని మూడో అరటిపండు ఒలుస్తున్నాడు.

"విషం పెట్టుంటారు సార్," పిన్నిగారు గుసగుసగా అంది. "ఎందుకైనా మంచిది, మీరిక్కడ మంచినీళ్ళు కూడా ముట్టుకోకండి."

"తిండి ఎలా ఉంది?" డిటెక్టివ్ అడిగాడు.

"తిండికేం, బాగానే ఉంది," అన్నాడు డ్రైవరు. "సాయంత్రం ఇచ్చే నిమ్మరసమే, తాళంచెవి చప్పరించినట్టుంటోంది."

"నీ నాలుకే తుప్పు పట్టిందిరా!" అన్నాడు మాస్టారు.

"రసం ఎవరు కలుపుతారు?"

"మా టైలరు బావే. అతని చెయ్యి పడితేనే రుచి," అన్నాడు పోస్ట్‌మాన్.

డిటెక్టివ్ డాక్టరమ్మను పిలిపించాడు. అందరూ చేరాక, "ఒక్కసారి పళ్ళు కనబడేలా నవ్వండి," అన్నాడు.

నవ్వారు. ముగ్గురి పళ్ళ మొదళ్ళలో నల్లటి చార. టైలరు పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"ఇది రక్తం కాదు డాక్టరమ్మా, ఇనుము టానిక్కు. పళ్ళ మీద మరక, నోట్లో తాళంచెవి రుచి, నల్ల మలం, మలబద్ధకం, అన్నీ దాని పనే. నాలుగు రోజులు కడుపు బిగిసిన మనిషి ఇలా కూర్చుని ఇన్ని అరటిపండ్లు తినలేడు. ఈ టైలరుకి సుఖంగానే అవుతోంది, కాలేదని రాస్తున్నాడు. పడకలు వెతికారు గాని, టైలరు కుట్టుకున్న లోపలి జేబు ఎవరు వెతుకుతారు?"

టైలరు తల దించుకుని జేబులోంచి చిన్న సీసా తీశాడు. "నయమైనవాణ్ణల్లా డాక్టరమ్మ ఇంటికి పంపేస్తోంది గదండీ. ఈ ముగ్గురూ పోతే నేను ఎవరితో ఆడను? షాపు పైగదిలో నాతో మాట్లాడేది కుట్టుమిషనొక్కటే."

పిన్నిగారికి కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే కోపమొచ్చింది. "ఆ సీసా మోతాదు మించితే ప్రాణాలు పోయేవయ్యా!"

డాక్టరమ్మ ఫోనెత్తింది. పదకొండుంబావు. మాట్లాడి పెట్టేసింది. "ఆపరట. కానీ ఈ నలుగురి ఫలితాలూ కొట్టెయ్యాలి. కొత్తవాళ్ళతో మళ్ళీ మొదలు పెట్టాలి." టైలరు వైపు తిరిగింది. "మీరు మాత్రం ఇవాళే వెళ్ళిపోవాలి."

అతను సంచీ సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర పోస్ట్‌మాన్ అడ్డం వచ్చి సంచీ లాక్కున్నాడు.

"ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి. నీ అడ్రసు చెప్పకుండా ఎక్కడికి పోతావురా? చెప్పు, రాసుకుంటాను."