బిషప్పు గారి చేతులు

కమలాకర్‌కు పనులు రెండే. వారమంతా హైటెక్ సిటీలో కూర్చుని ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం, సెలవొస్తే జూబ్లీహిల్స్ ఇంట్లో పాత బిషప్పుల మొహాలు చూసుకోవడం. రెండొందల ఏళ్ల కిందట రాగిరేకు మీద సన్నటి గీతలు చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మలవి. ఇంటర్నెట్ వేలంలో పాడి తెప్పించేవాడు. హాలు గోడ మీద పదకొండుమంది గడ్డాల వాళ్లు. వాళ్ల కింద కూర్చుని ఉప్మా తింటుంటే పరీక్ష రాస్తున్నట్టుంటుందని భార్య మహతి గోల.

"పెళ్లిచూపుల్లో నన్నింతసేపు చూశారా మీరు?" అంది, పన్నెండోది వచ్చిన రోజు.

"నీకు గడ్డం లేకపాయె!" అన్నాడు.

ఈ పన్నెండో ఆయన మొహంలో మాత్రం దీవెన లేదు. రెండు చేతులూ ఒక చిన్న చెక్కపెట్టె మూత మీద ఆనించి, ఒంట్లో బలమంతా పెట్టి నొక్కుతున్నాడు. చేతుల మీద నరాలు ఉబ్బి ఉన్నాయి.

ఫ్రేము కట్టమని ఫిలింనగర్‌లో హనుమంతుకిచ్చాడు. హీరోల ఫోటోలు కట్టీ కట్టీ హనుమంతుకు ఒకటే కొలత అలవాటు. శుక్రవారం మధ్యాహ్నం తనే తెచ్చి గోడకు తగిలించి పోయాడు. ఆఫీసు నుంచి వచ్చిన కమలాకర్ బొమ్మ చూసి కెవ్వుమన్నాడు. అడుగు అంచు కోసేశాడు; బిషప్పుకు మణికట్ల కింద చేతులూ లేవు, పెట్టే లేదు.

ఫోన్ చేస్తే హనుమంతు నవ్వాడు. "మొకం పెద్దగ కనవడాలె గద సార్! చేతులెవలు చూస్తరు? ముక్క గీడనే ఉంది, ఫికర్ చెయ్యకుండ్రి."

కమలాకర్ బండి తీశాడు. మబ్బు పట్టి, ఐదింటికే చీకటి కమ్మింది. దుకాణంలో కరెంటు లేదు. మైదా జిగురు వాసన... దాని వెనక ఇంకో వాసన. పచ్చి నెత్తురు.

హనుమంతు నేల మీద కూలబడి ఉన్నాడు. కాగితాలు కోసే పెద్ద కత్తి కిందికి దిగి ఉంది. దాని పక్కన నాలుగు వేళ్లు.

"నేను ముట్టలే సార్..." గుసగుసగా అన్నాడు. "ఎవలో నా చెయ్యి గుంజి కత్తి కింద వెట్టిండ్రు..."

పక్క దుకాణం వాళ్లు అతన్ని ఆటోలోకి ఎక్కిస్తుండగా కమలాకర్ సెల్లు మోగింది. మహతి.

"ఏవండీ... బొమ్మలోంచి... ఏదో దిగింది..."

అరుపు. అద్దం పగిలిన చప్పుడు.

ఆయన చేతులు ఆయనకిచ్చేస్తే పోతాడు! కమలాకర్‌కు తట్టింది అదొక్కటే. నెత్తుటి మడుగులోంచి ముక్క తీశాడు. జిగురు డబ్బా పట్టుకుని పరిగెత్తాడు.

ఇంట్లో పదకొండు ఫ్రేములూ నేల మీద ముక్కలై ఉన్నాయి. గాజు పెంకుల మీద మహతి వెల్లకిలా పడి తన్నుకుంటోంది. తల నేలకు కొట్టుకుంటోంది... ఠప్. ఠప్. ఠప్. ఆమె మీదికి వంగి ఒక ఆకారం. ఒళ్లంతా సన్నటి నల్లగీతలు. చేతుల్లేని రెండు మణికట్లు ఆమె మెడ దగ్గర పిచ్చిగా రాసుకుంటున్నాయి.

పన్నెండోది ఒక్కటే గోడ మీద మిగిలింది. కమలాకర్ గుద్ది అద్దం పగలగొట్టాడు. గాజు అరచేతిలో దిగింది. జిగురు పూసి ముక్కను అతికించి నొక్కాడు.

ఆకారం చెదిరిపోయింది.



"పోయాడు... పోయాడు మహతీ," ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాడు. జుట్టంతా తడి నెత్తురు. మెడ మీద వేళ్ల అచ్చులు నల్లగా కమిలాయి. కానీ అవి చిన్నచిన్నవి. ఏడాది పిల్ల వేళ్లంత.

మహతి పెదాలు కదిలాయి. "ఆయన కాదండీ... ఆయన... దాన్ని నా మీంచి లాగుతున్నాడు..."

కమలాకర్ ఒక్క దూకులో గోడ దగ్గరికెళ్లి ముక్కను పీకబోయాడు. గోళ్లు విరిగాయి గానీ అది రాలేదు. జిగురు అప్పుడే రాయైపోయింది. ముక్కలో బిషప్పు చేతుల కింద పెట్టె మూత ఓరగా తెరుచుకుని ఉంది.

వెనక నుంచి ఏదో అతని వీపు మీదికి పాకింది. బరువే లేదు. ఎత్తుకోమని మారాం చేసే బిడ్డలా మెడ చుట్టూ రెండు చేతులు వేసింది.

చెవి పక్కన... పాల వాసన.